మందు లేని సూది: కండరాల నొప్పికి డ్రై నీడ్లింగ్ చేయించుకోవడం ఎలా

"ఇందులో ఏం మందు ఎక్కిస్తారమ్మా?" డ్రై నీడ్లింగ్ అనగానే మా దగ్గరికి వచ్చేవాళ్ళు మొట్టమొదట అడిగేది ఇదే. తప్పేం లేదు. మనకి సూది అంటేనే సూదిమందు. మందు లేకుండా ఊరికే సూది ఎవరు గుచ్చించుకుంటారు?

ఏమీ ఎక్కించం. అసలు ఎక్కించడానికి ఆ సూదిలో రంధ్రమే ఉండదు. సన్నటి స్టీలు తీగ, అంతే. బిగుసుకుపోయిన కండరంలోకి దాన్ని దించి, ఆ కండరం ఒక్కసారి అదిరేలా చేసి, తీసేస్తాం. మందు లేదు కాబట్టే దాన్ని పొడి సూది అన్నారు.

నేను పన్నెండేళ్ళుగా గుంటూరులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలు, మంగళగిరి మగ్గాల మీద కూర్చునే నేతపనివాళ్ళు, హైదరాబాదు ఆఫీసు పనిని ఊరికి తెచ్చుకుని మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని చేసే పిల్లలు, అందరి మెడలూ నడుములూ చూశాను. ఈ సూది కొందరికి ఎంత హాయినిచ్చిందో చూశాను, కొందరికి దండగ ఖర్చు కావడమూ చూశాను. తేడా చాలాసార్లు సూదిలో లేదు. దానికి ముందు ఏం చూసుకున్నారు, తర్వాత రెండు మూడు రోజులు ఏం చేశారు అన్నదాంట్లో ఉంది. అందుకే ఇది పెట్టేవాళ్ళకి కాదు, పెట్టించుకునేవాళ్ళకి రాస్తున్నాను. ఎవరికి వారు ఇంట్లో గుచ్చుకోవడానికి మాత్రం కాదు. ఆన్‌లైన్‌లో సూదుల డబ్బా దొరుకుతుంది, వీడియోలూ దొరుకుతాయి. మెడ దగ్గర, వీపు మీద ఒక్క అంగుళం లోపల ఊపిరితిత్తి ఉంటుందని ఆ డబ్బా మీద రాసి ఉండదు.

ముందు, అది కండరం నొప్పేనా?

మన దగ్గర మెడ నొప్పి వచ్చినా, పిర్ర నుంచి కాల్లోకి లాగినా "నరం పట్టింది" అంటాం. నిజానికి చాలాసార్లు నరంతో పనే లేదు, పట్టేసింది కండరం. కండరం మొత్తం బిగుసుకోదు. చీరలో ఒక్క పోగు లాగితే చుట్టూ ముడత పడ్డట్టు, కండరంలో ఒక పట్టీ మాత్రం తీగలా గట్టిపడుతుంది. ఆ పట్టీలో ఒకచోట బఠాణీ గింజంత ముడి తగులుతుంది. దాన్నే ట్రిగ్గర్ పాయింట్ అంటారు.

ఈ ముడి చేసే చిత్రం ఏమిటంటే, తానున్న చోట ఊరుకుని ఇంకెక్కడో నొప్పి పుట్టిస్తుంది. మెడకీ భుజానికీ మధ్య, పిల్లలు బడిసంచీ తగిలించుకునే చోట ఉండే ట్రపీజియస్ కండరంలో ముడి ఉంటే, నొప్పి మెడ పక్కగా పాకి కణత దాకా పోతుంది. తలనొప్పి అనుకుని ఏళ్ళ తరబడి మాత్రలు మింగినవాళ్ళున్నారు. వెనక రెక్క ఎముక మీది ఇన్‌ఫ్రాస్పైనేటస్‌లో ముడి ఉంటే నొప్పి భుజం ముందు వైపు వస్తుంది, చేతిలోకి దిగుతుంది. పిర్ర లోపలి చిన్న కండరం గ్లూటియస్ మినిమస్‌దైతే అచ్చం సయాటికా అనే నరం నొప్పిలా కాలు పక్కగా చీలమండ దాకా లాగుతుంది. పిక్కలోని సోలియస్‌లో ముడి ఉండి, మడమ నొప్పికి చెప్పులు మార్చుకుంటూ తిరిగినవాళ్ళు లెక్కలేనంతమంది.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. నొప్పి ఉన్నచోట కాకుండా దాని చుట్టుపక్కల కండరాన్ని బొటనవేలితో మెల్లగా తడుముతూ పొండి. ఒకచోట తీగలా తగిలి, అక్కడ నొక్కితే "అదే, నా నొప్పి అదే" అని నోట్లోంచి వచ్చిందంటే సగం తేలినట్టే. సలుపులా, లోతుగా, ఎక్కడని వేలితో చూపించలేనట్టు ఉండటం, సాయంత్రానికి పెరగడం, కాపడం పెడితే కాస్త తగ్గడం కండరం నొప్పి లక్షణాలు. దానికి భిన్నంగా కరెంటు షాక్‌లా జివ్వుమనడం, ఒకటి రెండు వేళ్ళు మాత్రమే తిమ్మిరెక్కడం, చేతిలోని గ్లాసు జారిపోవడం, నడుస్తుంటే పాదం ఈడ్చుకుపోవడం కనిపిస్తే అది నరం సంగతి. దానికి డాక్టరు చూడాలి, సూది తర్వాత.

ఇంకొన్ని ఉన్నాయి, వాటిని చదివి దాటెయ్యకండి. ఎడమ చెయ్యి, దవడ లాగుతూ చెమటలు పట్టాయంటే ఫిజియో దగ్గరికి కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి. దూరప్రయాణం చేసి దిగాక గానీ, ఆపరేషనయ్యాక గానీ ఒక్క పిక్కే వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. దాన్ని మర్దనా చెయ్యకూడదు, సూదీ పెట్టకూడదు. నడుం నొప్పితోపాటు మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా అదే రోజు అత్యవసరం. రాత్రిళ్ళు నిద్రలోంచి లేపేసే నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం కూడా ముందు డాక్టరు తేల్చాల్సినవే.

ఒళ్ళంతా నొప్పులన్నవాళ్ళకి నేను సూది తియ్యను. కొలెస్ట్రాల్ తగ్గడానికి వేసుకునే స్టాటిన్ మాత్రలు కొందరికి కండరాల నొప్పులు తెస్తాయి. థైరాయిడ్ తక్కువైనా, విటమిన్ డి తక్కువైనా ఒళ్ళు నొప్పులుంటాయి. ముందు రక్తపరీక్ష చేయించమని పంపేస్తాను. స్టాటిన్ మాత్రం మీ అంతట మీరు ఆపెయ్యకండి, రాసిన డాక్టర్ని అడగండి.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతవరకు నమ్మాలి

అమెరికాలో జానెట్ ట్రావెల్ అని ఒక డాక్టరు ఉండేవారు. అధ్యక్షుడు కెన్నెడీ నడుం నొప్పికి వైద్యం చేసి, తర్వాత వైట్‌హౌస్ వైద్యురాలయ్యారు. కండరంలోని ముడుల్ని, అవి నొప్పిని ఎక్కడికి పంపుతాయో పటాలు గీసి చూపించింది ఆవిడే. ఆ ముడుల్లోకి మత్తుమందు ఇంజెక్షన్ చేసేవారు. 1979లో చెకొస్లొవేకియా వైద్యుడు కారెల్ లెవిట్ ఒక వ్యాసం రాశారు. సారాంశం ఇది: ఉపశమనం చాలావరకు మందు వల్ల కాదు, సూది సరిగ్గా ఆ ముడిని తాకడం వల్ల. డ్రై నీడ్లింగ్ బాగా ప్రచారంలోకి రావడానికి ఆ వ్యాసం పెద్ద కారణం.

సూది చూడగానే "ఆక్యుపంక్చరా?" అంటారు. సూది అలాంటిదే, లెక్క వేరు. అక్కడ చైనా సంప్రదాయం చెప్పే శక్తి మార్గాల్ని బట్టి పెడతారు, ఇక్కడ ఏ కండరం ఏ ఎముకకి అతుక్కుందో చూసి పెడతాం. ఆక్యుపంక్చర్‌వాళ్ళు కొందరు "మా విద్యకే పేరు మార్చారు" అంటారు. ఆ పేచీ ఇప్పట్లో తెగేది కాదు.

నమ్మకం సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. మెడ, భుజం, నడుం నొప్పుల్లో కొన్ని వారాలపాటు ఉపశమనం ఉంటుందని అధ్యయనాలు చెప్తున్నాయి. అవి మరీ గట్టి ఆధారాలేం కావు. ఏడాది తర్వాత కూడా తేడా నిలుస్తుందని చెప్పడానికి సరుకు చాలదు. అసలు ట్రిగ్గర్ పాయింట్ అంటే ఏమిటన్న దాని మీదే పరిశోధకులు వాదించుకుంటున్నారు. ఒకే మెడని ఇద్దరు ఫిజియోలు తడిమితే ముడి ఇక్కడంటే ఇక్కడని చెరొకచోట చూపించడమూ ఉంది. కాబట్టి "ఒక్క సూదితో జీవితంలో మళ్ళీ రాదు" అని ఎవరైనా బోర్డు పెడితే ఆ మెట్లెక్కకండి.

ఎవరి చేత పెట్టించుకోవాలి

ముందు డిగ్రీ అడగండి. బీపీటీ గానీ (ఫిజియోథెరపీలో డిగ్రీ), ఎంపీటీ గానీ (అందులోనే పీజీ) ఉండాలి. ఆంధ్రలో ఈ కోర్సులు విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద, తెలంగాణలో వరంగల్ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద నడుస్తాయి. "ఎన్నాళ్ళో ఫలానా సెంటర్లో చేశాను" అన్నది డిగ్రీ కాదు. ఫిజియోథెరపిస్టులతో సహా ఇలాంటి వృత్తులవాళ్ళ చదువునీ రిజిస్ట్రేషన్‌నీ ఒక దారిలో పెట్టడానికి 2021లో కేంద్రం ప్రత్యేకంగా చట్టమే తెచ్చింది. అడగడానికి మొహమాటపడకండి.

రెండో ప్రశ్న అసలైనది. "నీడ్లింగ్ ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నాళ్ళయింది?" మాలో చాలామందిమి దీన్ని కాలేజీలో నేర్చుకోలేదు. చదువయ్యాక రెండు మూడు రోజుల వర్క్‌షాపుల్లో నేర్చుకున్నాం. నేనూ అంతే. ఆ వర్క్‌షాపు సర్టిఫికెట్‌తో మర్నాడే రోగి ఛాతీ మీద సూది పెట్టే ధైర్యం ఉన్నవాళ్ళని చూస్తే నాకు భయం. మొదట్లో నేను పిక్కలకి, ముంజేతులకి మాత్రమే పెట్టేదాన్ని. రెక్కల మధ్య వీపు మీద పెట్టడానికి రెండేళ్ళు ఆగాను.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. అక్కడ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూలు. టెక్సస్‌లో ఫిజికల్ థెరపిస్టు చెయ్యొచ్చు, కాలిఫోర్నియాలో అనుమతి లేదు. మీ రాష్ట్రం ఫిజికల్ థెరపీ బోర్డు వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్ళండి.

డబ్బు విషయం. "పది సెషన్ల ప్యాకేజీ, ముందే కడితే డిస్కౌంట్" అంటే తీసుకోకండి. మొదటి సెషన్‌కి మీ కండరం ఎలా స్పందిస్తుందో తెలియకుండా పది అని ఎవరూ చెప్పలేరు.

దాచకుండా చెప్పాల్సినవి

స్టెంట్ వేయించుకుని ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నా, వాల్వు ఆపరేషనయ్యి వార్ఫరిన్ లాంటివి వాడుతున్నా ముందే చెప్పండి. రక్తం పలచబడే మందులతో లోపల రక్తం చేరే ప్రమాదం ఎక్కువ. సూది కోసం ఆ మందు మానెయ్యడం మాత్రం చెయ్యకండి, సూదే మానుకోవచ్చు. షుగరు అదుపులో లేకపోవడం, ఫిట్స్, గర్భం, పేస్‌మేకర్, స్టీలులోని నికెల్ పడకపోవడం, కీలు మార్పిడి ఆపరేషన్, ఇవన్నీ చెప్పాల్సినవే. కొందరు సూదులకి చిన్న క్లిప్పులు తగిలించి కరెంటు పంపుతారు, పేస్‌మేకర్ ఉంటే అది వద్దు. రొమ్ము క్యాన్సర్‌కి చంకలోని గ్రంథులు తీసేసిన వైపు చేతికి పెట్టించుకోకండి.

ఇంకొకటి, ఇది జబ్బు కాదు. సూదంటే భయం. చెప్పడానికి సిగ్గుపడతారు, ముఖ్యంగా మగవాళ్ళు. బరువైన టిక్కీలు లేపే మనిషి సూది చూసి తెల్లబోయిన రోజులున్నాయి. భయంగా ఉంటే వద్దనండి. ఇది పెట్టించుకోకపోతే పోయేదేం లేదు. చేత్తో నొక్కి, సాగదీసి, వ్యాయామం నేర్పి కూడా అదే ముడిని తగ్గించవచ్చు.

వెళ్ళే రోజు

తిని వెళ్ళండి. ఈ ఒక్క వాక్యానికి ఒక కథ ఉంది.

కార్తీక సోమవారం నాడు ఒకాయన వచ్చారు, మెడ నొప్పి. ఆ రోజు జనం ఎక్కువ, బల్లలు ఖాళీ లేవు. స్టూలు మీద కూర్చోబెట్టి ట్రపీజియస్‌లో సూది పెట్టాను. రెండో సూదికి ఆయన మాట్లాడటం ఆపేశారు. మొహం చూస్తే పాలిపోయింది, నుదుటి మీద చెమట. సూది లాగేసేలోపు పక్కకి ఒరిగిపోయారు. నేనూ, మా అసిస్టెంటూ పట్టుకుని నేల మీద పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తాం. ఒకటి రెండు నిమిషాల్లో కళ్ళు తెరిచి, "నక్షత్రాలు చూసేదాకా ఉపవాసం" అన్నారు. తప్పు ఆయనది కాదు. ఏం తిన్నారని అడగలేదు నేను, పడుకోబెట్టనూ లేదు. అప్పటి నుంచీ మా దగ్గర మొదటి ప్రశ్న "ఎక్కడ నొప్పి?" కాదు, "ఏం తిన్నారు?" అదీ గాక, మొదటిసారి ఎవరికైనా సరే పడుకోబెట్టే పెడతాను. మిమ్మల్ని కూర్చోబెట్టి పెట్టబోతే "పడుకుంటానండీ" అని మీరే అనండి.

వదులు బట్టలు వేసుకోండి. ఆడవాళ్ళకి ఆడ ఫిజియో కావాలన్నా, తోడు ఒకరు గదిలో ఉండాలన్నా అడగడం మీ హక్కు. తైలాలు, బాములు రుద్దుకుని వెళ్ళకండి. చర్మం జిడ్డుగా ఉంటే స్పిరిట్ పట్టదు.

బల్ల మీద

ముందు సూది ప్యాకెట్ చూపించమనండి. సీలు మీ ఎదురుగా తియ్యాలి. దాని మీద గడువు తేదీ, రెండు అంకెలూ ఉంటాయి, 0.25 × 40 అనో, 0.30 × 50 అనో. మొదటిది మందం, రెండోది పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. రక్తం తీసే 21 గేజి సూది మందం సుమారు 0.8 మిల్లీమీటర్లు, అంటే ఇది దానిలో మూడో వంతు. యాభై చూసి కంగారుపడకండి, పొడవంతా లోపలికి పోదు. ఎంత కండ ఉంటే అంత పొడవున్నది తీసుకుంటాం. పిర్రకి పట్టేది మెడకి అక్కర్లేదు.

ఆ సూది ఒక్కసారికే, ఒక్క మనిషికే. ఒకావిడ ఇంకో ఊళ్ళో వైద్యం మధ్యలో ఆపి మా దగ్గరికొచ్చారు. చేతిసంచీలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టారు. దాని మీద ఆవిడ పేరు, లోపల వాడిన సూదులు. "మీవే కదా, మళ్ళీ తెచ్చుకోండి, ఖర్చు కలిసొస్తుంది" అని అక్కడివాళ్ళు చెప్పారట. మీ సూదులే అయినా సరే, కుదరదు. వాడిన సూది మొన వంగిపోయి ఉండొచ్చు, శుభ్రం చెయ్యడం ఇంట్లో అయ్యే పని కాదు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన సూది వెయ్యాల్సింది తెల్లటి, లోపలిది కనిపించే, సూది గుచ్చుకుని బయటికి రాని డబ్బాలో. గదిలోకి అడుగు పెట్టగానే ఆ డబ్బా ఉందా అని చూడండి. అది కనబడకపోతే మిగతా ప్రశ్నలు అడగక్కర్లేదు, వచ్చెయ్యండి.

ఇక భుజం మీద ఎలా చేస్తామో చెప్తాను, ఎక్కువమంది వచ్చేది దానికే. బోర్లా పడుకోబెట్టి, చేతులు కడుక్కుని, స్పిరిట్‌తో తుడిచి ఆరనిస్తాం. మెడ పక్కన కండరాన్ని ఎడమచేతి బొటనవేలికీ వేళ్ళకీ మధ్య పట్టుకుని ఛాతీ నుంచి పైకి ఎత్తిపట్టుకుంటాం. కింద ఉన్నది ఊపిరితిత్తి పైకొస కాబట్టి సూది ఎప్పుడూ ఆ పట్టుకున్న కండలోనే ఉండాలి. వేళ్ళ మధ్య తీగ దొరుకుతుంది. దాని మీద సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఆనించి, అందులోంచి తొంగిచూసే సూది తలని వేలితో టక్‌మని కొడతాం. చర్మం దాటడం దోమకాటు కంటే తక్కువ. చాలామంది "అయిపోయిందా, ఇంకా పెట్టలేదా?" అంటారు.

అసలు సంగతి ఆ తర్వాత. సూదిని మెల్లగా కిందికీ పైకీ ఆడిస్తూ ముడిని వెతుకుతాం. తగిలిన క్షణాన కండరం దానంతటదే ఎగిరిపడుతుంది. కన్ను అదరడం అందరికీ తెలుసు కదా. అదే అదురు, లోతుగా, బలంగా, మీ అనుమతి లేకుండా. దానితోపాటే తిమ్మిరిలాంటి బరువైన నొప్పి మీకు రోజూ వచ్చే దారిలోనే కణత దాకా పాకవచ్చు. వర్క్‌షాపులో నాకు మొదటిసారి పెట్టినప్పుడు నేను "అమ్మో" అని గట్టిగానే అరిచాను. ఒక్క సెకను, అంతే. కన్ను అదిరితే శకునాలు చూస్తాం గానీ ఇక్కడ భుజం అదిరితే ముడి దొరికిందనే అర్థం. అదురు రాకపోయినా ఉపశమనం రావచ్చు, కాబట్టి అదురు కోసం పదిసార్లు పొడవమని అడగకండి.

ఆ సమయంలో మీరు చెయ్యాల్సింది కదలకుండా ఉండటం, నోరు మాత్రం కదపడం. మొద్దు నొప్పి అయితే భరించండి. కరెంటు కొట్టినట్టో, మంటలానో ఉంటే వెంటనే చెప్పండి, నరానికో రక్తనాళానికో దగ్గరైనట్టు. దగ్గు, తుమ్ము వచ్చేట్టుంటే ముందే చెప్పండి. చాలనిపిస్తే "తీసెయ్యండి" అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు. తీసేశాక పత్తితో అరనిమిషం నొక్కిపట్టాలి. ఎన్ని పెట్టారో అన్నీ తీశారా అని లెక్క అడగండి. మాకూ పొరపాట్లు జరుగుతాయి, జుట్టు కింద ఒకటి మిగిలిపోతే కనబడదు.

ఆ రాత్రి

సూది పెట్టిన కండరం నొప్పి పుడుతుంది. చాన్నాళ్ళ తర్వాత మొదటిరోజు వ్యాయామం చేసిన మర్నాడు ఉంటుందే, అలా. ఒకటి రెండు రోజులు, అరుదుగా మూడో రోజు దాకా. చిన్న కమిలిన మచ్చ, చుక్క రక్తం మామూలే. ఐర్లండ్‌లో 39 మంది ఫిజియోథెరపిస్టులు తాము చేసిన 7,629 సెషన్లని రాసిపెట్టి 2014లో అచ్చువేశారు. దాదాపు 19 శాతం సెషన్లలో ఏదో ఒక చిన్న ఇబ్బంది, ఎక్కువగా కమలడం, రక్తం చుక్క, నొప్పి. పెద్ద ప్రమాదం ఒక్కటీ లేదు. వేరే చోట్ల పెద్ద ప్రమాదాలు జరిగిన దాఖలాలున్నాయి, అరుదుగా.

అన్నింట్లోకీ భయపడాల్సింది ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం. మెడ కింద, రెక్కల మధ్య, ఛాతీ మీద పెట్టించుకున్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. అప్పటికప్పుడే కాకుండా కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చు. గట్టిగా ఊపిరి పీలిస్తే ఒకవైపు పొడిచినట్టుండటం, ఆయాసం, పొడిదగ్గు వస్తే "కండరం నొప్పేలే" అని పడుకోకండి. 108కి ఫోన్ చెయ్యండి, ఆసుపత్రిలో "ఇవాళ ఫలానాచోట సూది పెట్టించుకున్నాను" అని మొదటి మాటగా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే గ్యాస్ అనుకునే ప్రమాదం ఉంది. సూది పెట్టినచోట ఎర్రబడి వేడిగా వాచినా, జ్వరం వచ్చినా కూడా డాక్టరుకి చూపించాలి.

అవేవీ లేనివాళ్ళకి గోరువెచ్చటి నీళ్ళ స్నానం, పది నిమిషాల కాపడం చాలు. ఆ చోట గట్టిగా మర్దనా చేయించుకోకండి. ఆ పూట బరువులు వద్దు.

వదులైన రెండు మూడు రోజులు

నా దృష్టిలో అసలు వైద్యం ఇక్కడ మొదలవుతుంది. నొప్పి తగ్గింది కదాని మర్నాడు అదే మంచం మీద అదే లాప్‌టాప్ పెట్టుకుంటే వారానికల్లా మళ్ళీ నా బల్ల మీదుంటారు. నాకు ఫీజు వస్తుంది, మీకేం రాదు.

మొదటి రోజు సాయంత్రం నుంచే మెల్లగా కదపండి. కుడి భుజానికి పెట్టించుకుంటే కుర్చీలో కూర్చుని కుడిచేత్తో కుర్చీ అంచు పట్టుకోండి. తలని ఎడమవైపు వాల్చండి. సాగుతోందని తెలియాలి, నొప్పి పుట్టకూడదు. ముప్ఫై సెకన్లు ఉంచి వదలండి. మూడుసార్లు, పొద్దునా సాయంత్రం. పిక్కకైతే గోడకి చేతులానించి, ఆ కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకి ఆనేట్టు ముందుకు వాలండి.

మూడో రోజుకి సలుపు పోయాక సాగదీయడం ఒక్కటే చాలదు, బలం పెంచాలి. డంబెల్స్ కొననక్కర్లేదు. లీటరు నీళ్ళ సీసా కిలో బరువు. రెండు చేతుల్లో రెండు సీసాలు పట్టుకుని భుజాలు చెవుల వైపు ఎత్తి మెల్లగా దించండి, పదిసార్లు. గోడకి చేతులానించి తోస్తూ దండీలు పదిసార్లు. పిక్కలకి మెట్టు అంచున నిలబడి మడమలెత్తి దించడం, రెయిలింగ్ పట్టుకుని. పిర్ర నొప్పివాళ్ళు పక్కకి తిరిగి పడుకుని పైకాలు మోకాలు వంచకుండా ఎత్తి దించాలి. రోజు మార్చి రోజు చాలు.

అంతకంటే ముఖ్యం, ముడి ఎందుకు పడిందో చూసుకోవడం. మంగళగిరి నుంచి వచ్చే నేత ఆయనకి కుడిరెక్క వెనక ముడి రెండుసార్లు తీశాను, రెండుసార్లూ నెలకే తిరిగొచ్చింది. మూడోసారి సూది తియ్యకుండా ఆయన మగ్గం దగ్గరికే వెళ్ళాను. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునే పీట ఎత్తు తక్కువ, నాడెని (పోగుని అటూ ఇటూ తీసుకెళ్ళేదాన్ని) నడపడానికి తాడు లాగిన ప్రతిసారీ భుజం చెవి దాకా లేస్తోంది. పీట మీద మూడంగుళాల చెక్క వేయించాం. గంటకోసారి లేచి రెండు నిమిషాలు చేతులు విదిలించమన్నాను. లాప్‌టాప్ పిల్లలకీ ఇదే లెక్క. స్క్రీన్ పైఅంచు కళ్ళ ఎత్తుకి వచ్చేట్టు కింద నాలుగు పుస్తకాలు పెట్టుకుని, కీబోర్డు విడిగా కొనుక్కోండి, మోచేతులు బల్ల మీద ఆననివ్వండి. కీబోర్డు ఖరీదు ఒకసారే, సూది ఖర్చు ప్రతిసారీ.

మళ్ళీ ఎప్పుడు, ఎప్పుడు మానాలి

రెండు సెషన్లకి మధ్య సుమారు వారం ఉంచుతాను, ముందరి సలుపు పూర్తిగా పోయాకే. రెండు మూడు సార్లకి ఏ మార్పూ లేకపోతే నాలుగోది అడగకండి. కారణం వేరే ఉందన్నమాట, మళ్ళీ మొదటినుంచి చూడాలి.

మార్పు ఉందో లేదో మనసుని నమ్ముకోకండి, ఒక కాగితం పెట్టుకోండి. సూదికి ముందు మెడ ఎటు ఎంతవరకు తిరిగింది, స్కూటర్ మీద వెనక్కి చూడగలిగారా, నీళ్ళ బిందె ఎత్తగలిగారా, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారు. అవే ప్రశ్నలు మర్నాడు, మూడో రోజు, ఏడో రోజు. ఏ వ్యాయామం ఎన్నిరోజులు ఎగ్గొట్టారో కూడా రాయండి, నేను తిట్టను. రెండోసారి వెళ్ళినప్పుడు ప్యాకెట్ తియ్యకముందే ఆ కాగితం ఫిజియో చేతికివ్వండి.